చంద్రపూర్ మురుగు, ప్రాణహిత నీరు: శుద్ధి ఒప్పందాలలో దిగువ పల్లెల మాట ఎక్కడ?

చైత్రమాసంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు వెళ్ళివచ్చే ఆసిఫాబాద్, ఆదిలాబాద్ ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ఝర్‌పట్ నది కొత్త కాదు. అమ్మవారి దర్శనానికి ముందు భక్తులు స్నానమాచరించే నది అది. ఒకనాడు గోండు రాజుల కోటను ఒరుసుకుంటూ పారిన ఆ నది నేడు నగరపు మురుగును మోసే కాలువ స్థాయికి దిగజారింది. జాతర ముగిసి భక్తులు ఇళ్ళకు తిరిగివస్తారు. ఆ నీరు కూడా వారి వెనుకనే వస్తుంది. ఝర్‌పట్ ఇరైలో కలుస్తుంది, ఇరై వార్ధాలో కలుస్తుంది. వార్ధా రాజురా, బల్లార్‌పూర్‌ల మీదుగా సాగి సిర్పూర్ మండలపు పొలిమేరలను తాకుతుంది. కౌటాల మండలం తుమ్మిడిహట్టి వద్ద వైన్‌గంగతో కలిసి ప్రాణహితగా మారుతుంది. బెజ్జూరు, వేమనపల్లి, కోటపల్లి తీరాలను దాటి కాళేశ్వరం వద్ద గోదావరిని చేరుతుంది.

వైన్‌గంగ కూడా ఉత్త చేతులతో రావడం లేదు. నాగపూర్ నగరపు మురుగును మోసే నాగ్ నది కన్హాన్‌లోనూ, కన్హాన్ వైన్‌గంగలోనూ కలుస్తాయి. అంటే విదర్భలోని రెండు పెద్ద నగరాల వాడుకనీరు చివరకు ఒకే నదికి, ఒకే తీరానికి చేరుతున్నది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు ఇరు రాష్ట్రాల భక్తులు స్నానాలు చేసిన రేవులు ఈ తీరంలోనివే. వేసవిలో ఇసుక తవ్వి చెలిమెల నుండి నీరు తోడుకునే పల్లెలూ, వలలు వేసి బతికే బెస్త కుటుంబాలూ ఉన్నవి ఇక్కడనే.

కనుక చంద్రపూర్ నగరపాలక సంస్థ తన మురుగును ఎవరిచేత, ఏ షరతులతో శుద్ధి చేయిస్తున్నదన్న ప్రశ్న ఆ నగరవాసులకే పరిమితమైనది కాదు. దేశమంతటా మురుగునీటి శుద్ధి కేంద్రాల నిర్మాణ, నిర్వహణ బాధ్యతలు ప్రైవేటు కంపెనీల చేతికి చేరుతున్న ఈ కాలంలో, ఆ ఒప్పందపత్రాలలో ఉన్న అక్షరాలే నదిలో నీటి రంగును నిర్ణయిస్తున్నాయి.

కేంద్రాలు ఉన్నాయి, మురుగు చేరదు

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెలువరించిన లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాలలో రోజుకు 72,368 ఎంఎల్‌డీ మురుగునీరు ఉత్పత్తి అవుతున్నది. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. నిర్మించిన శుద్ధి సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీ. అందులో పనిచేస్తున్న కేంద్రాల సామర్థ్యం 26,869. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మాత్రమే. ఉత్పత్తి అయ్యే మురుగులో ఇది 28 శాతం. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. కట్టిన సామర్థ్యంలోనే మూడో వంతుకు పైగా వృథాగా పడి ఉన్నది. కోట్లు పోసి కట్టిన తొట్లు ఎండుతుండగా, పక్కనే కాలువలో మురుగు పారుతున్నదన్నమాట!

చంద్రపూర్ ఈ వైచిత్రికి చక్కని నిదర్శనం. 2011 జనగణన ప్రకారం నగర జనాభా 3.20 లక్షలు. తలకు రోజుకు 135 లీటర్ల నీటి సరఫరా, అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందన్న ప్రభుత్వ ప్రమాణాన్ని అన్వయిస్తే ఆ జనాభాకు సుమారు 35 ఎంఎల్‌డీ మురుగు తేలుతుంది. జనాభా అప్పటికంటే సగం పెరిగిందనుకున్నా 52 ఎంఎల్‌డీకి మించదు. నగరంలో పఠాన్‌పురా వద్ద 45 ఎంఎల్‌డీ, రహమత్‌నగర్ వద్ద 25 ఎంఎల్‌డీ, మొత్తం 70 ఎంఎల్‌డీ సామర్థ్యంతో రెండు శుద్ధి కేంద్రాలను తలపెట్టి నిర్మించారు. లెక్క ప్రకారం చూస్తే నగరపు మురుగంతా శుద్ధి కావాలి, ఇంకా చోటు మిగలాలి.

లోపం ఎక్కడున్నదో ఆ నగర వీధులలో నడిచినవారికి తెలియనిది కాదు. భూగర్భ డ్రైనేజీ పైపులు వేయడానికి రోడ్లు తవ్వారు, పూడ్చారు, మళ్ళీ తవ్వారు. అయినా ఇంటింటికీ కనెక్షన్లు ఇవ్వడంలో ఏళ్ళ తరబడి జాప్యం జరిగింది. ఇంటి మరుగుదొడ్డి నుండి సెప్టిక్ ట్యాంకుకు, అక్కడినుండి వీధి కాలువకు, ఆ కాలువ నుండి ఝర్‌పట్‌కు మురుగు తన పాత దారినే పోతుండగా, చివర కట్టిన కేంద్రం ఎంత ఆధునికమైనదైనా చేయగలిగేది ఏమున్నది? నోటికి అందని అన్నం ఆకలి తీర్చదు.

కంపెనీకి దేనికి డబ్బు చెల్లిస్తున్నారు?

ప్రైవేటు కంపెనీ వస్తే అంతా బాగుపడుతుందని కొందరు, అంతా దోపిడీయేనని కొందరు వాదించడం పరిపాటి అయింది. వాస్తవం ఈ రెండు వాదాలకు నడుమ, ఒప్పందంలోని చెల్లింపు షరతుల వద్ద ఉన్నది. కంపెనీ దేనికి డబ్బు అందుకుంటుందో దానినే చేస్తుంది. అందువలన ప్రధానంగా వాడుకలో ఉన్న పద్ధతులను విడివిడిగా పరిశీలించాలి.

మొదటిది పాత పద్ధతి. గుత్తేదారు కేంద్రాన్ని కట్టి అప్పగిస్తాడు. కాంక్రీటు పనికి, యంత్రాలకు బిల్లు అందగానే అతని ఆసక్తి తీరిపోతుంది. ఆపై కొన్నేళ్ళ నిర్వహణను తక్కువ ధర పాడిన మరొకరికి కట్టబెడతారు. శుద్ధి కేంద్రంలో మురుగులోకి గాలిని పంపి సూక్ష్మజీవులను బతికించేది విద్యుత్ యంత్రాలే. నిర్వహణలో పెద్ద ఖర్చు కూడా ఆ కరెంటు బిల్లే. తక్కువ ధరకు పని పట్టుకున్నవాడు రాత్రివేళ ఆ యంత్రాలను ఆపితే అతనికి మిగులు, నదికి తగులు. నీరు చూడడానికి పారుతూనే ఉంటుంది కనుక తెల్లవారిన తరువాత ఎవరికీ తెలియదు.

రెండవది హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి. గంగా ప్రక్షాళన పథకం కోసం కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో దీనికి ఆమోదం తెలిపింది. 2017 అక్టోబరులో వారణాసి, హరిద్వార్‌లలో తొలి ఒప్పందాలు జరిగాయి. ఇందులో నిర్మాణ కాలంలో ప్రభుత్వం పెట్టుబడిలో 40 శాతమే చెల్లిస్తుంది. మిగిలిన 60 శాతాన్ని కంపెనీ తెచ్చుకోవాలి. దానిని ప్రభుత్వం 15 ఏళ్ళపాటు వాయిదాలలో, నిర్వహణ ఖర్చుతో కలిపి తిరిగి ఇస్తుంది. శుద్ధి ప్రమాణాలు తప్పితే వాయిదాలో కోత పడుతుంది. కట్టినవాడే పదిహేనేళ్ళు నడపవలసి రావడం వలన నాసిరకం యంత్రాలు పెట్టి తప్పుకొనే దారి కొంతవరకు మూసుకుపోతుంది.

మూడవది శుద్ధి చేసిన నీటినే సరుకుగా అమ్మే పద్ధతి. దీనికి పేరెన్నికగన్న ఉదాహరణ చంద్రపూర్‌కు పొరుగునే ఉన్నది.

నాగపూర్ చూపిన దారి

నాగపూర్ నగరపాలక సంస్థకు, మహారాష్ట్ర ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ మహాజెన్‌కోకు మధ్య 2008లో ఒక ఒప్పందం కుదిరింది. కోరాడి థర్మల్ కేంద్రం విస్తరణకు నీరు కావాలి. మంచినీటి వనరులపై అప్పటికే ఒత్తిడి ఉన్నది. భండేవాడి వద్ద నగరపు మురుగును శుద్ధి చేసి కోరాడికి తరలించేలా, జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం నిధులతో కలిపి 130 ఎంఎల్‌డీ కేంద్రాన్ని తలపెట్టారు. మురుగు ఇచ్చినందుకు నగరానికి విద్యుత్ సంస్థ సొమ్ము చెల్లిస్తుంది. ఆ తరువాత అదే భండేవాడిలో ఉన్న నగరపు సొంత కేంద్రాన్ని ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో విశ్వరాజ్ సంస్థ ద్వారా 200 ఎంఎల్‌డీ స్థాయికి పెంచారు. ఆ నీటినీ విద్యుత్ కేంద్రాల అవసరాలకు మళ్ళించారు.

ఇక్కడ మెచ్చుకోదగిన అంశం కొనుగోలుదారు ఉండడం. శుద్ధి సరిగా జరగని నీరు విద్యుత్ కేంద్రపు గొట్టాలను పాడుచేస్తుంది. కనుక కొనేవాడే తనిఖీదారు అవుతాడు. కాలుష్య మండలి అధికారి ఏడాదికి ఎన్నిసార్లు వస్తాడో ఎవరూ చెప్పలేరు. కొనుగోలుదారు మాత్రం ప్రతిరోజూ చూస్తాడు. అయినా నాగ్ నది పరిశుభ్రమైందా? లేదు. పైపులకు అందని బస్తీల మురుగు నేటికీ నదిలోనే పడుతున్నది. లాభసాటిగా అమ్ముడయ్యే మురుగు శుద్ధి అయింది. అందనిది అలాగే మిగిలింది. కంపెనీకి కావలసినంత మురుగు దొరికిన తరువాత మిగిలినదాని సంగతి దాని ఒప్పందంలో ఉండదు. ఆ బాధ్యత ప్రజలు ఎన్నుకున్న నగరపాలక సంస్థదే.

ఆలందూరు పాఠం

ఇరవై ఏళ్ళ క్రితమే చెన్నై శివారు ఆలందూరు పురపాలక సంఘం మరొక దారి చూపింది. అక్కడ శుద్ధి కేంద్రం కంటే ముందుగా ఇళ్ళ సంగతి ఆలోచించారు. 1990ల చివరలో అప్పటి పురపాలక అధ్యక్షుడు ఆర్.ఎస్. భారతి, అధికారులు వీధి వీధికీ తిరిగి, కాలనీ సంఘాలతో సమావేశాలు జరిపి, ఒక్కో గృహం నుండి 5,000 రూపాయల డిపాజిట్ సేకరించారు. పేద కుటుంబాలకు వాయిదాల సౌకర్యం కల్పించారు. ప్రజల డబ్బు పడింది కనుక ప్రజల నిఘా కూడా పడింది. 12 ఎంఎల్‌డీ శుద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్‌సీఎల్ భాగస్వామిగా ఉన్న కంపెనీ తన పెట్టుబడితో నిర్మించి నడిపేలా ఒప్పందం జరిగింది. శుద్ధి చేసిన నీటి పరిమాణాన్ని బట్టి చెల్లింపు. అయితే కనీసం ఇంత మురుగు పంపిస్తామని పురపాలక సంఘం హామీ ఇవ్వవలసి వచ్చింది. ఇంటి కనెక్షన్లు ఆలస్యమైతే నష్టం పురపాలక ఖజానాకే. ఆ భయమే కనెక్షన్లను పరుగెత్తించింది.

ఆ కథకు చేదు అనుబంధం ఒకటున్నది. ఆలందూరులో పేరు తెచ్చుకున్న ఐవీఆర్‌సీఎల్ అప్పుల ఊబిలో కూరుకుపోయి 2018లో దివాలా ప్రక్రియకు చేరింది. 2019లో లిక్విడేషన్‌కు ఆదేశాలు వెలువడ్డాయి. నేడు పదిహేనేళ్ళకు, ముప్పై ఏళ్ళకు కంపెనీలతో ఒప్పందాలు చేసుకునే నగరాలన్నీ గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. కంపెనీ ఆయుష్షు ఒప్పందం ఆయుష్షుకంటే తక్కువ కావచ్చు. అట్టి పరిస్థితిలో కేంద్రాన్ని ఎవరు నడుపుతారో ముందే రాసుకోని నగరం, కంపెనీ మూతపడిన మరునాటి నుండే నదిలోకి గేట్లు ఎత్తవలసి వస్తుంది.

విద్యుత్ కేంద్రం తాగే నీరు

చంద్రపూర్‌లో సహజంగా సిద్ధంగా ఉన్న కొనుగోలుదారు 2,920 మెగావాట్ల చంద్రపూర్ సూపర్ థర్మల్ కేంద్రం. దానికి నీరందించేది ఇరై జలాశయం. నగరవాసుల తాగునీటికీ అదే ఆధారం. 2010 వేసవిలో జలాశయం అడుగంటి విద్యుత్ యూనిట్లను ఆపవలసి వచ్చిన ఉదంతం ఉన్నది. శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపల ఉన్న థర్మల్ కేంద్రాలు శుద్ధి చేసిన మురుగునీటిని తప్పనిసరిగా వాడాలని 2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన విద్యుత్ టారిఫ్ విధానం నిర్దేశించింది. అయ్యే ఖర్చును విద్యుత్ ధరలో కలుపుకోవడానికీ అనుమతించింది. నగరపు మురుగును శుద్ధిచేసి విద్యుత్ కేంద్రానికి పంపాలన్న ఆలోచన ఈ నేపథ్యంలోనే చంద్రపూర్‌లో బలపడింది.

ఆలోచన మంచిదే. మురుగు నదిలో పడదు, జలాశయంలో మంచినీరు మిగులుతుంది. అయితే దిగువ పల్లెలు ఒక లెక్క అడగాలి. విద్యుత్ కేంద్రపు శీతలీకరణ గోపురాలకు వెళ్ళిన నీటిలో అధికభాగం ఆవిరై ఆకాశానికి పోతుంది, తిరిగి నదికి రాదు. వేసవిలో వార్ధా సన్నని పాయగా మారినప్పుడు, నగరం నుండి వచ్చే ప్రవాహం కూడా ఆగిపోతే నది మరింత చిక్కిపోతుంది. ఇందుకు పరిహారం ఒక్కటే. శుద్ధి జలాల వలన ఇరైలో ఎంత మంచినీరు మిగిలిందో అందులో కొంత భాగాన్ని ఎండాకాలంలో నదికి విడుదల చేయాలి. మిగిలిన నీటినంతా మరో యూనిట్‌కో, మరో కర్మాగారానికో కేటాయిస్తే నదికి కలిగిన మేలు సున్నా. ఈ షరతు ఒప్పందంలో చేరనిదే దిగువకు న్యాయం జరగదు.

కొలిచేది ఎవరు, చూసేది ఎవరు?

కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరు 13న శుద్ధి కేంద్రాలకు ప్రమాణాలను ప్రకటించింది. మహానగరాలు మినహా ఇతర ప్రాంతాలలో విడుదల చేసే నీటిలో బీఓడీ, అంటే మలినం కుళ్ళడానికి నీటి నుండి పీల్చుకునే ప్రాణవాయువు, లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. మలసంబంధ క్రిములకు కూడా పరిమితి విధించింది. ఆ ప్రమాణాలు సరిపోవని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న మరింత కఠినమైన పరిమితులను ఆదేశించింది. కాగితం మీద కొరత లేదు. కొలిచే చేయి ఎవరిదన్నదే కొరత. అనేక ఒప్పందాలలో నీటి నమూనాలను తీసేది, తన ప్రయోగశాలలో పరీక్షించేది కంపెనీయే. ఆ నివేదికను చూసి బిల్లు చెల్లించేది నగరపాలక సంస్థ. పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకుంటే తప్పేవారెవరు?

బురద సంగతి మరీ నిర్లక్ష్యానికి గురవుతున్నది. శుద్ధిలో మిగిలే బురదను ఎండబెట్టి ఎక్కడికి తరలిస్తున్నారో ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే అది వర్షాకాలంలో మళ్ళీ నదికే చేరుతుంది. కార్మికుల భద్రత మరొకటి. 2023 జూలై 19న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో, అలకనందా తీరపు శుద్ధి కేంద్రంలో విద్యుదాఘాతంతో 16 మంది ప్రాణాలు కోల్పోయారు. నిర్వహణ ప్రైవేటు చేతులలో ఉన్నంత మాత్రాన అజమాయిషీ బాధ్యత ప్రభుత్వాన్ని విడిచిపోదని ఆ దుర్ఘటన చాటింది.

చంద్రపూర్ విషయంలో మురుగొక్కటే నిందితురాలు కాదన్నదీ నిజమే. బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రం, కాగితపు మిల్లు, సిమెంటు కర్మాగారాలు కలిసిన ప్రాంతం అది. 2009లో కేంద్ర కాలుష్య మండలి రూపొందించిన సమగ్ర కాలుష్య సూచీలో 83.88 మార్కులతో దేశంలో నాలుగవ స్థానంలో నిలిచింది. అయితే కర్మాగారాల కాలుష్యం ఉన్నది కదా అని నగరపు మురుగును ఉపేక్షించడం, ఇంటికి ఒక పక్క నిప్పంటుకున్నదని రెండో పక్కన కూడా వదిలేయడం వంటిది.

గీతకు ఇవతల

ప్రాణహిత విషయంలో మహారాష్ట్ర, తెలంగాణల మధ్య చర్చలు జరగలేదని ఎవరూ అనలేరు. 2016లో అంతర్రాష్ట్ర బోర్డు ఏర్పాటుకు అంగీకారం కుదిరింది. అదే ఏడాది ఆగస్టు 23న తుమ్మిడిహట్టి, మేడిగడ్డ ఆనకట్టలపై ఒప్పందం జరిగింది. ఎన్ని మీటర్ల ఎత్తు, ఎంత ముంపు, ఎన్ని టీఎంసీలు అన్నవే అక్కడ చర్చకు వచ్చిన ప్రధానాంశాలు. వచ్చే నీరు ఎట్టిదన్న ప్రశ్న వెనుకబడిపోయింది. 1956 వరకు రాజురా ఆదిలాబాద్ జిల్లాలోని తాలూకాయే. గీత మారినా నది మారలేదు, చుట్టరికాలూ మారలేదు. మారినదల్లా ఫిర్యాదు చేసే కార్యాలయం చిరునామా మాత్రమే.

వేలు అటు చూపేటప్పుడు ఇటూ చూపాలి. కాగజ్‌నగర్, మంచిర్యాల, రామగుండం పట్టణాల మురుగు వాగుల గుండా, కాలువల గుండా అదే గోదావరి పరీవాహకంలోకి చేరుతున్నది. మురుగు, చెత్త నిర్వహణ లోపాలకు 2022లో హరిత ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 12,000 కోట్ల రూపాయలు, తెలంగాణకు సుమారు 3,800 కోట్ల రూపాయలు పర్యావరణ పరిహారంగా నిర్ణయించింది. తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌కు 2021లో 3,866.41 కోట్ల రూపాయలతో 1,259.50 ఎంఎల్‌డీ సామర్థ్యం గల 31 కేంద్రాలను మంజూరు చేసింది. రాజధానికి చూపిన శ్రద్ధలో కొంతైనా సరిహద్దు పట్టణాలకు దక్కినప్పుడే పొరుగు రాష్ట్రాన్ని నిలదీసే నైతిక బలం లభిస్తుంది.

పల్లెలు చేయగలిగినది లేకపోలేదు. సమాచార హక్కు చట్టం పౌరునికి రాష్ట్రపు హద్దు పెట్టలేదు. సిర్పూర్ రైతు చంద్రపూర్ నగరపాలక సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. దరఖాస్తు మాత్రం మరాఠీలో గాని, హిందీలో గాని, ఆంగ్లంలో గాని ఉండాలి. మరాఠీ పాఠశాలలో చదివిన పిల్లలు ఈ సరిహద్దు ఇళ్ళలో ఎందరో ఉన్నారు, వారి చేత రాయించవచ్చు. వాణిజ్య రహస్యమని జవాబు వస్తే, ప్రజల సొమ్ముతో నడిచే కేంద్రపు నీటి నాణ్యత రహస్యం ఎట్లా అవుతుందని పై అధికారికి అప్పీలు చేయవచ్చు.

అడగవలసినవి గట్టిగా ఆరు ప్రశ్నలు. రోజూ కేంద్రానికి చేరుతున్న మురుగు ఎంత, బయటికి పోతున్న నీరు ఎంత? నెలనెలా బీఓడీ, క్రిముల పరీక్షలు చేసిన ప్రయోగశాల ఎవరిది? ప్రమాణం తప్పిన నెలలలో కంపెనీ బిల్లులో ఎంత కోత విధించారు? ఇంటి కనెక్షన్లు ఎన్ని పూర్తయ్యాయి, ఎన్ని మిగిలాయి? బురదను ఎక్కడికి తరలించారు? విద్యుత్ కేంద్రానికి శుద్ధి జలం అందితే ఇరై నుండి నదికి ఎంత నీరు వదులుతారు? గ్రామసభలు ఈ ప్రశ్నలను తీర్మానాలుగా చేసి ఇరు జిల్లాల కలెక్టర్లకు, ఇరు రాష్ట్రాల కాలుష్య మండళ్ళకు పంపాలి. తుమ్మిడిహట్టి సంగమం వద్ద రెండు మండళ్ళూ ఒకే రోజు, ఒకే చోట నమూనాలు తీసి ఫలితాలను తెలుగులోనూ మరాఠీలోనూ పంచాయతీ గోడలపై అతికించాలని పట్టుబట్టాలి. ఒప్పందం మీద సంతకాలు నగరపాలక సంస్థవి, కంపెనీవి. ఆ నీటిని చెలిమెలో తోడుకునేవారికి కనీసం దానిని చదివే హక్కయినా దక్కాలి.